ఒక పన్ను పెంచితే ఎవరు కట్టాలి?

"అన్నా, ముంగట స్ప్రాకెట్‌కు ఒక పన్ను పెంచితే ఇంజిన్ నిమ్మళంగ తిరుగుతదంట గదా? మైలేజ్ గూడ పెరుగుతదంట. ఏపియ్యాల్నా, వద్దా?"

సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంటుంది. అడిగేది ఎక్కువగా పాతికేళ్ల లోపు కుర్రాళ్లు. పాశమైలారంలోనో బొల్లారంలోనో డ్యూటీ, చేతిలో 100 సీసీ బండి, నెల చివర పెట్రోల్ లెక్క. లీటరు వంద దాటి ఏళ్లయింది కాబట్టి ఎక్కడ ఒక చుక్క మిగులుతుందా అని చూడడంలో తప్పేమీ లేదు.

తెలుగులో పన్ను అంటే రెండు అర్థాలు. నోట్లో ఉండేది ఒకటి, సర్కారుకు కట్టేది ఇంకొకటి. స్ప్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ ఒకటైపోతాయి. పన్ను పెంచారంటే ఎవరో ఒకరు కట్టాలి. మీ బండిలో అది ఎవరు కడతారో తెలుసుకున్నాకే మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

లేని గేరు కోసం వెతికే కాలు

ముందు ఆ రోడ్డు సంగతి చూద్దాం. సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కంది, రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి దాటి పటాన్‌చెరు వస్తుంది. పాతిక కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కనిపిస్తుంది గానీ టూవీలర్లను దాని మీదికి రానివ్వరు. కాబట్టి ముంబై వైపు లారీలు, కంపెనీ బస్సులు, షేర్ ఆటోల మధ్యనే మన ప్రయాణం.

రోడ్డు ఖాళీగా ఉన్న చోట బండి 70 అందుకుంటుంది. నాలుగు గేర్లూ అయిపోయాయి. ఇంజిన్ అరుస్తుంటుంది, హ్యాండిల్‌లో చేతులు తిమ్మిరెక్కుతుంటాయి. తెలియకుండానే కాలు లేని ఐదో గేరు కోసం ఇంకోసారి నొక్కుతుంది. స్ప్రాకెట్ ఆలోచన పుట్టేది సరిగ్గా అక్కడే: "ఇంకొక్క గేరు ఉంటే బాగుండు."

ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను పెంచడమంటే ఆ ఐదో గేరు రావడం కాదు. ఉన్న నాలుగు గేర్లూ కొంచెం కొంచెం పొడుగవుతాయి, ఫస్ట్ గేరుతో సహా. మొత్తం కథలో చాలామంది మర్చిపోయేది ఈ ఒక్క ముక్కే.

లెక్క నాలుగు లైన్లే

ముందు 14 పళ్లు, వెనక 42 పళ్లు ఉన్న బండి తీసుకుందాం. 100 సీసీ బళ్లలో ఇలాంటి లెక్క మామూలే. 42ను 14తో భాగిస్తే 3. అంటే ముందు చిన్న స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ముందు 15 వేస్తే 42 భాగించు 15, అంటే 2.8. అదే వేగానికి ఇంజిన్ తిరగాల్సిన చుట్లు 6.7 శాతం తగ్గుతాయి. ఇంతకుముందు నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజిన్ ఇప్పుడు అదే వేగంలో 5,600 తిరుగుతుంది.

వెనక పళ్లు తగ్గించినా ఇదే ఫలితం. ముందు ఒకటి పెంచడం, వెనక మూడు తగ్గించడం దాదాపు సమానం. 39ని 14తో భాగిస్తే 2.79 వస్తుంది. ముందు స్ప్రాకెట్‌లో ఒక్క పన్ను పెద్ద అడుగు, వెనక ఒక పన్ను చిన్న అడుగు. నెమ్మదిగా రుచి చూడాలనుకుంటే వెనక నుంచి మొదలుపెట్టాలి.

ఇందులో వచ్చే లాభం అబద్ధం కాదు. సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకోవడం వల్ల పుట్టే కుదుపు బలం, చుట్ల సంఖ్య వర్గంతో పాటు పెరుగుతుంది. చుట్లు 6.7 శాతం తగ్గితే ఆ బలం 13 శాతం దాకా తగ్గుతుంది. చేతుల తిమ్మిరి తగ్గిందని పన్ను మార్చినవాళ్లు చెప్పేది అందుకే. శబ్దం కూడా తగ్గుతుంది. ఇంజిన్ లోపలి రాపిడికి పోయే పెట్రోల్ కొంత మిగులుతుంది. ఒకే పని తక్కువ చుట్లలో, థ్రాటిల్ కాస్త ఎక్కువ తెరిచి చేయించుకుంటే పెట్రోల్ ఇంజిన్ సాధారణంగా పొదుపుగానే ఉంటుంది.

ఇక్కడి దాకా వీడియోల్లో అందరూ చెబుతారు. పన్ను కట్టే సంగతి దీని తర్వాత మొదలవుతుంది.

కట్టేది పికప్

మన సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాద్‌లో, మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. ట్రాక్టర్ ఇంజిన్ పవర్ చిన్న కారుకు దగ్గరగానే ఉండొచ్చు. కానీ ట్రాక్టర్ ఉరకదు, కారు నాగలి గుంజదు. తేడా చాలావరకు గేర్లలోనే ఉంది. వేగం కావాలంటే గుంజుడు వదులుకోవాలి, గుంజుడు కావాలంటే వేగం వదులుకోవాలి. స్ప్రాకెట్ మార్చడం కూడా అదే బేరం, కాస్త చిన్న సైజులో.

ఇంజిన్ చుట్లు 6.7 శాతం తగ్గినట్టే, వెనక చక్రానికి అందే గుంజుడు కూడా ప్రతి గేరులో 6.7 శాతం తగ్గుతుంది. పెద్ద బండికి ఇది లెక్కలోది కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు ముందు 15 పళ్లుంటాయి. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు కొందరు అక్కడ 16 వేయిస్తారు. ఆ ఇంజిన్‌లో ఇవ్వడానికి మిగులు ఉంది. స్ప్లెండర్ ప్లస్ లాంటి 97.2 సీసీ బండి సంగతి వేరు. దాని పవర్ మొత్తం 8 పీఎస్, అదీ 8,000 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 8.05 న్యూటన్ మీటర్లు, 6,000 ఆర్‌పీఎం దగ్గర. చిన్న ఇంజిన్ తన బలాన్ని చుట్లలోంచే తెచ్చుకుంటుంది. చుట్లు తగ్గించారంటే టాప్ గేరులో దాని చేతిలో ఉండే బలమూ తగ్గించినట్టే.

ఒక్కరే వెళ్తున్నారు, గాలి లేదు, రోడ్డు చదును. అప్పుడు బండి 70లో హాయిగా పోతుంది. ఇప్పుడు వెనక ఫ్రెండ్ ఎక్కాడు, ఇద్దరి టిఫిన్ బాక్సులు, ఎదురుగాలి, ముందు ఒక ఎత్తు. టాప్ గేరు గుంజదు, వేగం 60కి, 55కి పడిపోతుంది. మూడో గేరుకు దిగుతారు. దిగగానే ఇంజిన్ చుట్లు అమాంతం పెరుగుతాయి. మీరు పన్ను పెంచి మిగుల్చుకున్న 400 కంటే చాలా ఎక్కువే పెరుగుతాయి. డ్యూటీకి వెళ్లే దారిలో సగం దూరం మూడో గేరులోనే నడిస్తే, ఇంజిన్ మొత్తం మీద ఇంతకుముందుకన్నా ఎక్కువే తిరిగినట్టు.

రెండో చెల్లింపు క్లచ్‌ది. ఫస్ట్ గేరు కూడా పొడుగైంది కాబట్టి ఆగి కదిలిన ప్రతిసారీ క్లచ్‌ను సగం నొక్కి పట్టుకునే సమయం పెరుగుతుంది. షిఫ్టు వదిలే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో, పటాన్‌చెరు బస్టాండ్ ముందు, రోడ్డు వెడల్పు పనులు నడిచే చోట ఎన్నిసార్లు ఆగి కదులుతారో మీకే తెలుసు. ఆ అరుగుదల క్లచ్ ప్లేట్ల బిల్లులో కనబడుతుంది, పెట్రోల్ బిల్లులో కనబడదు.

మూడోది అన్నిటికన్నా ఖరీదైనది. లారీని దాటేటప్పుడు బండి ఎంతలో అందుకుంటుందో మీ చెవికి, చేతికి అలవాటైపోయి ఉంటుంది. ఎంత ఖాళీ ఉంటే దాటొచ్చో ఆ అలవాటే చెబుతుంది. పన్ను మారిన రోజు ఆ లెక్క తప్పవుతుంది. టాప్ గేరులో థ్రాటిల్ తిప్పితే రావాల్సిన పికప్ రాదు, మీరు లారీ పక్కనే వేలాడుతూ ఉంటారు. అందుకే స్ప్రాకెట్ మార్పించినవాళ్లకు నేను మొదట చెప్పేది మైలేజీ సంగతి కాదు: వారం రోజులు హైవే మీద ఓవర్‌టేక్‌లు మానేయండి. చేయక తప్పకపోతే ముందే గేరు దించి, దారి పూర్తిగా ఖాళీ అయ్యాకే కదలండి.

మీటర్ చెప్పే అబద్ధం

ఇంకో చిక్కు ఉంది. దీని గురించి షాపులో ఎవరూ చెప్పరు. కొన్ని బళ్లలో స్పీడోమీటర్ ముందు చక్రం నుంచి లెక్క తీసుకుంటుంది. వాటికి స్ప్రాకెట్ మార్పుతో సంబంధం లేదు. ఇంకొన్నిటిలో గేర్‌బాక్స్ దగ్గర ఉండే సెన్సార్ లెక్క పెడుతుంది. అక్కడ పన్ను మార్చిన సంగతి మీటర్‌కు తెలియదు. అది 70 చూపిస్తున్నప్పుడు మీరు నిజంగా 75లో ఉంటారు. స్పీడ్ గన్‌కు దొరికేది ఆ 75.

కిలోమీటర్ల లెక్కా అంతే. నిజంగా 1,300 కిలోమీటర్లు తిరిగితే మీటర్ 1,213 దగ్గర ఆగుతుంది. అసలు మైలేజీ 3 శాతం పెరిగినా మీ లెక్కలో 4 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. "ఏపిచ్చినంక మైలేజ్ పడిపోయింది" అనే మాటల్లో కొన్ని నిజాలు, కొన్ని ఈ మీటర్ మాయ. వెనక పన్ను పెంచి, ముందు పన్ను తగ్గించి "మైలేజ్ పెరిగింది" అనేవాళ్లది ఇదే మాయ, తిరగేసి.

చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది కదా, తేల్చుకోవడం కష్టం కాదు. మ్యాప్‌లో ఒక పది కిలోమీటర్ల ముక్క చూసుకోండి. అదే దారిలో ట్రిప్ మీటర్ సున్నా చేసి నడపండి. రెండూ కలిశాయా లేదా చూడండి. ఫోన్ చూడడం మాత్రం బండి ఆపాకే.

రూపాయల్లో ఎంత?

పానూ పోనూ రోజుకు 52 కిలోమీటర్లు, నెలకు 25 డ్యూటీలు అనుకుందాం. మొత్తం 1,300 కిలోమీటర్లు. బండి లీటరుకు 60 ఇస్తే దాదాపు 21.7 లీటర్లు. అన్నీ కలిసొచ్చి 3 శాతం మిగిలిందనుకుంటే అది 0.65 లీటరు. లీటరు 107 రూపాయల లెక్కన నెలకు 70 రూపాయలు. చైన్ కిట్‌కు వెయ్యి పెడితే అది తిరిగి రావడానికే 14 నెలలు పడుతుంది. కాబట్టి బాగున్న చైన్ తీసేసి డబ్బు మిగుల్చుకోవడం కోసం కొత్తది వేయడం లెక్కకు నిలవదు.

చైన్ కిట్ ఎలాగూ అరిగిపోయి మార్చాల్సిన రోజు వచ్చిందా, అప్పుడు ఆలోచించొచ్చు. ఆ రోజు కొన్ని జాగ్రత్తలు.

ముందు మీ బండికి కంపెనీ ఇచ్చిన పళ్లు ఎన్నో మీరే లెక్కపెట్టండి. ఇంతకుముందు ఎవరో మార్చి ఉండొచ్చు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ బండి అయితే. మీ మోడల్‌కు సరిపోయేలా చేసిన స్ప్రాకెట్ దొరికితేనే వేయించండి. పటాన్‌చెరు చుట్టుపక్కల లేత్ షాపులకు కొదవ లేదు, వేరే బండి స్ప్రాకెట్ తెచ్చి రంధ్రం పెద్దది చేసి, వెల్డింగ్ పెట్టి కూర్చోబెట్టగల పనిమంతులూ ఉన్నారు. వద్దు. స్ప్రాకెట్ పళ్లను గట్టిపరచడానికి ప్రత్యేకంగా కాలుస్తారు. వెల్డింగ్ వేడి ఆ గట్టిదనాన్ని చెడగొడుతుంది. 70లో చైన్ తెగి వెనక చక్రం పట్టేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

అరిగిన చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేయొద్దు, పాతది కొత్తదాన్ని తినేస్తుంది. పెద్ద స్ప్రాకెట్ వేశాక చైన్ కవర్‌కు తగులుతోందేమో చేత్తో చక్రం తిప్పి చూడండి. ఒక పన్ను పెరిగితే వెనక చక్రం దాదాపు 3 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. ఆ జాగా ఉందా, చైన్ లూజు మాన్యువల్‌లో చెప్పినంత ఉందా, చక్రం రెండు వైపులా సమానంగా ఉందా చూడండి. వారంటీలో ఉన్న బండి అయితే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. తీసిన స్ప్రాకెట్ ఇంకా బాగుంటే పారేయొద్దు. నచ్చకపోతే మళ్లీ అదే వేయించుకోవచ్చు.

మరి చేయించాల్నా, వద్దా?

రోజూ ట్రాఫిక్‌లో పటాన్‌చెరు, రామచంద్రాపురం, బీహెచ్ఈఎల్ మీదుగా సిటీలోకి వెళ్లేవాళ్లకు వద్దు. ఎప్పుడూ ఇద్దరు ఎక్కే 100 సీసీ బండికి వద్దు. కంపెనీవాళ్లు పళ్లు పెట్టింది ఇద్దరు మనుషుల్ని, ఎత్తు రోడ్డును దృష్టిలో పెట్టుకునే. మీరు ఒక్కరే తిరిగే ఖాళీ హైవేను చూసి కాదు.

నైట్ షిఫ్టుకు ఒంటరిగా, ఖాళీ రోడ్డు మీద వెళ్లేవాళ్లు, సదాశివపేట, జహీరాబాద్ వైపు దూరాలు తిరిగేవాళ్లు, బండి 150 సీసీ ఆపైన ఉన్నవాళ్లు కిట్ మార్చేటప్పుడు ప్రయత్నించొచ్చు. చిన్న పరీక్ష ఒకటుంది. మీ బండి ఇప్పుడు టాప్ గేరులో, మీరు రోజూ మోసే బరువుతో, దారిలో ఉన్న ఎత్తును వేగం తగ్గకుండా ఎక్కుతోందా? థ్రాటిల్ ఇంకా తిప్పడానికి మిగిలే ఉందా? ఉంటే పన్ను కట్టగలదు. ఇప్పుడే రొప్పుతోందంటే కట్టలేదు.

రెండింటిలో ఏది మీదైనా, మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఒక వారం ఇంకో ప్రయోగం చేయండి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, చైన్ శుభ్రం చేసి ఆయిల్ వేయించి, 70లో వెళ్లే చోట 65లో వెళ్లండి.

టాప్ గేరులో 70 నుంచి 65కు దిగితే ఇంజిన్ చుట్లు 7.1 శాతం తగ్గుతాయి. ఒక పన్ను పెంచితే తగ్గేది 6.7. అంటే మీరు కొనాలనుకుంటున్న పన్ను మీ కుడి చేతిలోనే ఉంది. పైగా స్ప్రాకెట్ చేయలేనిది ఇది చేస్తుంది. వేగం మారకుండా పన్ను పెంచితే గాలి ఎదురుదెబ్బ ఏమాత్రం తగ్గదు. 65కు దిగితే అది 14 శాతం తగ్గుతుంది, ఎందుకంటే గాలి అడ్డుకునే బలం కూడా వేగం వర్గంతో పాటే పెరుగుతుంది. ఫస్ట్ గేరు అలాగే ఉంటుంది, క్లచ్ అలాగే ఉంటుంది, లారీని దాటే పికప్ అలాగే ఉంటుంది, మీటర్ నిజమే చెబుతుంది.

దీనికీ పన్ను ఉంది మరి, టైమ్. 26 కిలోమీటర్లు ఆగకుండా 70లో వెళ్తే 22 నిమిషాల 17 సెకన్లు. 65లో వెళ్తే సరిగ్గా 24 నిమిషాలు. తేడా రెండు నిమిషాల లోపే. పంచింగ్ మెషీన్ దగ్గర ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకోరని నాకు తెలుసు. అందుకే ఆ రెండు నిమిషాలు రోడ్డు మీద వెతక్కండి. ఇంట్లోంచి రెండు నిమిషాలు ముందు బండి స్టార్ట్ చేయండి. వారం తర్వాత కూడా చేతులు తిమ్మిరెక్కుతుంటే, అప్పుడు రండి, స్ప్రాకెట్ సంగతి మాట్లాడుకుందాం.